బాగుందీ అంటుంది, బాగాలేదూ అంటుంది

"పుస్తకం అయిపోయిందా బిడ్డా, ఎట్లుంది?" అని తండ్రి అడిగితే "బాగుంది" అందట. రెండ్రోజులాగి తల్లి అడిగితే "ఏం బాగాలేదు" అందట. అదే రాత్రి చెల్లెలికి అందులోని ఏదో ముక్క చెప్పి పడీ పడీ నవ్విందట. నవ్వు ఆగకముందే కళ్లు తుడుచుకుందట.

సూరత్‌లోని భేస్తాన్‌లో ఉంటున్న ఒక తెలుగు కుటుంబం బెంగ ఇది. తండ్రిది సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద పని, ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. తల్లి ఇంట్లోనే చీరలకు రాళ్లు అతికిస్తుంది. పెద్దమ్మాయి డిగ్రీ మొదటి ఏడు, ఇంగ్లీషు సాహిత్యం. "యుద్ధం నవలంట సార్. యుద్ధాలతోని మనకేం పని? అది చదివిన కాంచి పిల్ల ఇంట్లుండి ఇంట్ల లేనట్టే ఉంది" అన్నది ఆ తల్లి. తండ్రి ఆ పుస్తకాన్ని నా ముందు పెట్టి, "ఇండ్ల బూతులు గూడ ఉన్నయట" అని మెల్లగా చేర్చాడు.

ఇలాంటి బెంగ ఇంకా చాలా ఇళ్లలో ఉంటుంది కాబట్టి, వాళ్లతో మాట్లాడిందే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ధైర్యం చెప్పుకోవలసిన మాట. మీ అమ్మాయికి ఏమీ కాలేదు. ఒకే పుస్తకం మీద ఆమెకు రెండు మూడు రకాల మనసు ఉండటం ఆమె తికమకపడుతున్నందుకు గుర్తు కాదు, శ్రద్ధగా చదివినందుకు గుర్తు. ఆ నవల చదివి గుక్క తిప్పుకోకుండా "అద్భుతం" అన్నవాళ్లను చూస్తే నాకు కొంచెం అనుమానం.

ఆ పుస్తకం పేరు స్లాటర్‌హౌస్-ఫైవ్, అంటే 5వ నంబరు కబేళా. రాసినాయన అమెరికన్ రచయిత కర్ట్ వానెగట్. రెండో ప్రపంచ యుద్ధంలో సిపాయిగా వెళ్లి, 1944 డిసెంబరులో జర్మన్ల చేతికి చిక్కాడు. అప్పటికి వయసు 22. ఖైదీగా డ్రెస్డెన్ నగరంలో పనికి పెట్టారు. 1945 ఫిబ్రవరి 13 రాత్రి బ్రిటిష్ విమానాలు, ఆ తర్వాత అమెరికన్ విమానాలు ఆ ఊరి మీద బాంబులు కురిపించి తగలబెట్టాయి. ఆ రాత్రి వానెగట్, తోటి ఖైదీలు కబేళా కింద మాంసం నిల్వచేసే నేలమాళిగలో ఉండి బతికిపోయారు. పైకి వచ్చాక వాళ్లతో చేయించిన పని, శిథిలాల్లోంచి శవాలు తీయడం.

అంతా కళ్లారా చూసిన మనిషికి దాన్ని పుస్తకంగా రాయడానికి 24 ఏళ్లు పట్టింది. 1969లో, అమెరికా వియత్నాంలో యుద్ధం చేస్తున్న రోజుల్లో, ఈ నవల వచ్చింది. వచ్చిన రూపం కూడా మామూలుగా లేదు. కథానాయకుడు బిల్లీ పిల్‌గ్రిమ్ కాలంలో నిలకడగా ఉండలేడు. ఒక పేజీలో యుద్ధఖైదీ, మరు పేజీలో కళ్లద్దాల వైద్యుడు, ఇంకో పేజీలో వేరే గ్రహం వాళ్లు జంతుప్రదర్శనశాలలో పెట్టిన మనిషి. ఎవరు చచ్చిపోయినా, చివరికి ఒక పేను చచ్చినా, ఒకే మూడు ముక్కల చిన్న వాక్యం వస్తుంది. పుస్తకం మొత్తంలో వందసార్లకు పైగా వస్తుంది. మొదటిసారి నవ్వొస్తుంది, ఇరవయ్యోసారి విసుగొస్తుంది, అరవయ్యోసారికి ఒళ్లు జలదరిస్తుంది. మీ అమ్మాయి నవ్వు, విసుగు, కన్నీళ్లు అన్నీ రచయిత కావాలని ఏర్పాటు చేసినవే.

ఆ పిల్లతో విడిగా కాసేపు మాట్లాడాను. "సార్, ఎడ్గర్ డర్బీ చచ్చిపోతాడని ముందే చెప్పేశాడు. చచ్చిపోయినప్పుడు మాత్రం ఏదో సామాను లెక్క రాసినట్టు రాసి వదిలేశాడు. నాకు కోపమొచ్చింది" అంది. డర్బీ ఆ నవలలో ఒక బడిపంతులు, పెద్ద వయసులో యుద్ధానికి వచ్చినవాడు. నగరమంతా బూడిదైపోయాక, శిథిలాల్లో ఒక టీపాట్ తీసుకున్నందుకు దొంగతనం కింద విచారించి కాల్చేస్తారు. ఊరిని తగలబెట్టిన వాళ్లకు శిక్ష లేదు, టీపాట్‌కు ఉంది. రచయిత దానిమీద ఒక్క కన్నీటి బొట్టు కూడా కార్చడు. కార్చి ఉంటే ఆ పిల్ల ఓ పూట ఏడ్చి మర్చిపోయేది. కార్చలేదు కాబట్టి ఏడవాల్సిన పని ఆమె మీద పడింది. ఆమె కోపం న్యాయమైనదే, దాన్ని మనం సర్దిచెప్పి చల్లార్చనక్కర్లేదు.

ఇంకో భాగం గురించి చెబుతున్నప్పుడు మాత్రం ఆమె ముఖం విప్పారింది. కూతురి పెళ్లి అయిన రాత్రి బిల్లీకి నిద్రపట్టదు. టీవీలో యుద్ధం సినిమా వస్తుంటుంది. కాలం అదుపు తప్పిన మనిషి కదా, ఆ సినిమా అతనికి వెనక్కి నడుస్తూ కనిపిస్తుంది. చిల్లులు పడ్డ విమానాలు వెనక్కి ఎగురుతాయి. ఒంట్లో దిగిన గుళ్లు బయటికొచ్చి తుపాకుల్లోకి పోతాయి. మండుతున్న నగరం మీద మంటలు ముడుచుకుని ఇనుప గొట్టాల్లో చేరి విమానాల కడుపులోకి ఎక్కుతాయి. ఆ గొట్టాలు కార్ఖానాలకు వెళితే అక్కడి ఆడవాళ్లు వాటిని విడగొట్టి, లోపలి ఖనిజాలను మళ్లీ ఎవరికీ హాని చేయకుండా భూమిలో దాచడానికి పంపేస్తారు.

"నాన్న సాంచె వెనక్కి తిప్పినట్టు" అంది ఆ అమ్మాయి. నేతలో పోగు తెగి బట్టలో తప్పు పడితే, సాంచె ఆపి, చేత్తో వెనక్కి తిప్పి, తప్పుపడ్డ పోగులు ఒక్కొక్కటీ తీసి, మళ్లీ అక్కడినుంచి నేయడం చిన్నప్పుడు కార్ఖానాకు అన్నం టిఫిన్ తీసుకెళ్లినప్పుడల్లా చూసిందట. ప్రపంచంలో ఎంతోమంది విమర్శకులు ఆ పేజీ గురించి రాసి ఉంటారు. ఈ పోలిక మాత్రం నేత ఇంట్లో పుట్టిన పిల్లకే తడుతుంది. ఈ మాట తండ్రికి చెబితే ఆయన కాసేపు ఏమీ అనలేదు. "గంత మంచిగ చెప్పిందా" అన్నాడు తర్వాత.

ఇప్పుడు కాస్త కష్టంగా ఉండే మాట. ఈ పోలిక ఆమె ఇంట్లో ఎందుకు చెప్పలేదు?

కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపుల నుంచి నేతపని పట్టుకుని సూరత్ వచ్చిన కుటుంబాలు మనవి. లింబాయత్, ఉధ్నా, భేస్తాన్ గల్లీల్లో అద్దెలు కట్టుకుంటూ, పన్నెండేసి గంటలు సాంచెల చప్పుడులో నిలబడి పిల్లలను చదివించుకున్నాం. ఇంట్లో తెలుగు, గల్లీలో హిందీ, గుజరాతీ, కాలేజీలో ఇంగ్లీషు. పిల్లలు ఈ మూడు నాలుగు భాషల్లోనూ బతకగలుగుతున్నారని మనకు గర్వం. ఆ గర్వంలో ఒక సంగతి మనకు కనిపించదు. వాళ్లకు ఒక లోకంలో తగిలిన దెబ్బ ఇంకో లోకంలో చెప్పుకోవడానికి దారి ఉండదు. చదువంటే ఉద్యోగం అనుకుని పంపాం. చదువు పిల్లను లోపల కదిలిస్తుందని, కదిలిన పిల్ల ఇంటికొచ్చి మన ముఖంలోకి చూస్తుందని మనకెవరూ చెప్పలేదు.

చూసినప్పుడు మనం ఏమడుగుతాం? "పరీక్షకు వస్తదా?" "దీంట్ల నీతి ఏంది?" "మంచిదా, చెడ్డదా, ఒక్కటి చెప్పు." ఇవన్నీ ప్రేమతో అడిగేవే, అందులో నాకు సందేహం లేదు. అయినా ప్రతి ప్రశ్నా ఆమెను ఏదో ఒక తీర్పు వైపు నెడుతుంది. ఇంకా తీర్పు కుదరని మనసు దగ్గర తీర్పు అడిగితే, పిల్లలు మనల్ని తృప్తిపరచడానికి ఏదో ఒకటి అనేస్తారు. అందుకే తండ్రితో బాగుందని, తల్లితో బాగాలేదని అంది. రెండూ అబద్ధాలు కావు. రెండూ సగం సగం.

"యుద్ధాలతోని మనకేం పని" అన్న మాట దగ్గర కూడా కొంచెం ఆగుదాం. ఈ పిల్లల ఫోన్లలో గాజా ఉంది, ఉక్రెయిన్ ఉంది. పెళ్లి డాన్సు వీడియో, దాని కింద కూలిన ఇల్లు, దాని కింద వంట. బొటనవేలితో తోసేస్తే అయిపోయింది. 2025 మే 7న దేశవ్యాప్తంగా పౌర రక్షణ కసరత్తు పెట్టినప్పుడు ఆ జాబితాలో సూరత్ కూడా ఉంది. కాబట్టి యుద్ధం ఆమెకు పుస్తకంతో మొదలవలేదు. ఇన్నాళ్లూ తోసేస్తూ వచ్చిన దాని దగ్గర ఈ పుస్తకం ఆమెను ఆపింది, అంతే. అలా ఆగినందుకు ఆమె కాస్త మౌనంగా ఉంటే, ఆ మౌనం మీద నాకు గౌరవమే కలుగుతుంది.

ఆ తల్లికి నేను ప్రత్యేకంగా చెప్పిన సంగతి ఒకటుంది. నవల మొదటి అధ్యాయంలో వానెగట్ తన పాత యుద్ధ మిత్రుడు బెర్నార్డ్ ఓహేర్ ఇంటికి వెళతాడు, ఆ రోజుల జ్ఞాపకాలు కలబోసుకుందామని. మిత్రుడి భార్య మేరీకి ఈయన రాక నచ్చదు. గిన్నెలూ తలుపులూ చప్పుడు చేస్తూ తిరుగుతుంది. చివరికి పట్టలేక అడిగేస్తుంది: యుద్ధంలో మీరంతా పసిపిల్లలు, పుస్తకంలో మాత్రం మొనగాళ్లలా రాసుకుంటారు, అది సినిమా అవుతుంది, అది చూసి ఇంకో తరం పిల్లలు యుద్ధానికి పోతారు కదా అని. ఆమె నర్సు, పిల్లల తల్లి. తన పిల్లలే కాదు, ఎవరి పిల్లలూ యుద్ధంలో చావకూడదన్నది ఆమె బాధ. అలా రాయనని వానెగట్ ఆమెకు మాటిచ్చాడు. పుస్తకానికి పిల్లల దండయాత్ర అని ఇంకో పేరు కూడా పెట్టి, అంకితమిచ్చిన ఇద్దరిలో ఆమె పేరు ముందు రాశాడు. అంటే అమ్మా, మీ అమ్మాయిని కలవరపెట్టిన ఈ పుస్తకం ఇలా ఉండటానికి కారణం ఒక తల్లి కోపం. మీ బెంగా ఆమె బెంగా ఒక్కచోటి నుంచే పుట్టాయి.

బూతుల సంగతికి వస్తే, ఉన్నాయి. కొన్ని మోటు మాటలు, కొన్ని అసభ్యమైన సన్నివేశాలు ఉన్నాయి. ఎనిమిదో తరగతి, తొమ్మిదో తరగతి పిల్లల చేతికి నేనైతే ఇవ్వను. డిగ్రీ చదివే అమ్మాయి దగ్గర్నుంచి లాక్కోవడం మాత్రం వద్దు. అమెరికాలోనే 1973లో నార్త్ డకోటా రాష్ట్రంలోని డ్రేక్ అనే చిన్న ఊళ్లో స్కూలు బోర్డు ఈ నవల ప్రతులు 32 కాల్పించింది. ఆ పెద్దలు కూడా పిల్లల మంచికే అనుకున్నారు. పుస్తకం యాభై ఏళ్ల తర్వాత భేస్తాన్ దాకా వచ్చింది. లాక్కుంటే పిల్ల చదవడం మానదు, మనకు చెప్పడం మానేస్తుంది.

అలాగని పుస్తకాన్ని నెత్తిన పెట్టుకోమని కూడా అనను. డ్రెస్డెన్ మృతులు 1,35,000 అని వానెగట్ రాసింది డేవిడ్ ఇర్వింగ్ అనే రచయిత లెక్కను నమ్మి. తర్వాత జర్మన్ చరిత్రకారుల సంఘం పరిశోధించి, 2010లో ఇచ్చిన నివేదికలో 25,000కు మించదని తేల్చింది. ఈ తేడా తెలిసి అమ్మాయి "అయితే ఈయన కూడా తప్పు చెప్పాడా" అని చిన్నబుచ్చుకుంది. మంచి పుస్తకంలో కూడా తప్పుండొచ్చు, తప్పున్నా అది మంచి పుస్తకమే కావచ్చు. పెద్దల విషయంలోనూ పిల్లలకు ఏదో ఒకనాడు ఇది తెలియక తప్పదు.

ఒక్క చోట మాత్రం నేను మీ భయంతోనే కలుస్తాను. నవలలో ట్రాల్ఫమడోర్ గ్రహం వాళ్లున్నారు. వాళ్లకు గతం, వర్తమానం, భవిష్యత్తు అన్నీ ఒకేసారి కనిపిస్తాయట. చచ్చిపోయినవాడు ఇంకో క్షణంలో ఎక్కడో బతికే ఉంటాడట. ఏదీ మార్చలేం కాబట్టి మంచి క్షణాలు మాత్రమే చూసుకోమంటారు. దెబ్బతిన్న బిల్లీకి ఈ మాటలు మందులా పనిచేస్తాయి. అలసిపోయిన పద్దెనిమిదేళ్ల పిల్లకు కూడా ఇవి హాయిగానే ఉంటాయి, అక్కడే జాగ్రత్తపడాలి. ఏదీ మారదని రచయిత నమ్మి ఉంటే ఆ పుస్తకం రాయడానికి అన్నేళ్లు ఎందుకు పెనుగులాడతాడు? మేరీకి మాట ఎందుకు ఇస్తాడు? అమ్మాయిని ఇదే అడిగాను. ఆలోచిస్తానంది. జవాబు కోసం నేను ఒత్తిడి చేయలేదు.

ఇక్కడ మనల్ని మనం కూడా చూసుకోవాలి. కూలీ రేటు తగ్గినా, సేఠ్ బాకీ ఎగ్గొట్టినా, పక్కింటి పిల్లవాడు చదువు మానేసినా మన ఇళ్లలో వినిపించేది "రాత" అనే మాటే. అందులో ఓర్పు ఉంది, కాదనను. కానీ రోజూ అదే వినే పిల్లకు ఆ గ్రహం వాళ్లు కొత్తగా నేర్పేదేముంటుంది?

ఎప్పుడు నిజంగా కంగారుపడాలో కూడా తెలిసి ఉండాలి. పుస్తకం తెచ్చిన దిగులు వచ్చిపోతూ ఉంటుంది. మధ్యలో పిల్ల నవ్వుతుంది, పోట్లాడుతుంది, చెల్లెలి జడ లాగుతుంది. ఈ అమ్మాయి అలాగే ఉంది. అలా కాకుండా రెండు వారాలు దాటినా దిగులు వదలకపోతే, నిద్ర, తిండి తప్పితే, స్నేహితులను వదిలేస్తే, ఇష్టమైన పనులు కూడా మానేస్తే, అప్పుడు అది పుస్తకం సంగతి కాదు. బతకడం ఎందుకన్న మాట ఒక్కసారి వినబడినా రెండు వారాలు కూడా ఆగొద్దు, తిట్టొద్దు, నవ్వులాటగా తీసుకోవద్దు. ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయవచ్చు, డబ్బు ఖర్చు లేదు. సూరత్ న్యూ సివిల్ హాస్పిటల్లో మానసిక వైద్య విభాగం ఉంది. జ్వరానికి వెళ్లినట్టే వెళ్లండి.

అంతదాకా రాని ఇళ్లలో ఏం చేయాలి? ఇంగ్లీషు రాదు కాబట్టి మన చేతిలో ఏమీ లేదని ఆ తండ్రి అనుకున్నాడు. అది నిజం కాదు. యుద్ధం అయిపోయాక ఏం మిగులుతుందన్న ప్రశ్న మన ఇళ్లకు కొత్తది కాదు. తిక్కన తెలుగు చేసిన భారతంలో స్త్రీపర్వం ఉంది. గెలిచినవాళ్లూ ఓడినవాళ్లూ కలిసి ఏడ్చిన పర్వం అది. రాజ్యం చేతికొచ్చిన ధర్మరాజు నాకిది వద్దంటాడు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. తెలంగాణలో రజాకార్ల దాడులు చూసిన తరం మన తాతలదే. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో వాళ్లు జరిపిన మారణకాండను ఆ వైపు ఊళ్లలో ఇప్పటికీ తలుచుకుంటారు. ఆ రోజులు చూసిన పెద్దవాళ్లు ఎలా చెప్పేవారో గుర్తుందా? వరసగా చెప్పేవారు కాదు. ఒక నవ్వొచ్చే సంగతి, ఒక భయంకరమైన సంగతి, మధ్యలో ఎడ్ల గురించో వానల గురించో ఒక మాట, ఆ తర్వాత మౌనం. వానెగట్ పుస్తకం కూడా అలాగే ఉంది. వింత రాత అని అమ్మాయి అనుకుంటున్నది, ఆమె ముత్తాత మాట్లాడిన తీరే కావచ్చు.

ఆ తండ్రికి తన తాత గురించి గుర్తొచ్చింది. ఆ కథ కూతురికి ఎప్పుడూ చెప్పలేదట. చదువుకునే పిల్లకు అవన్నీ ఎందుకని.

చెప్పండి. రాత్రి షిఫ్ట్ లేని వారం చూసుకుని, అన్నాలయ్యాక టీవీ ఆపి, ముందు మీ తాత సంగతి మీరు చెప్పండి. తర్వాత ఆ వెనక్కి నడిచే సినిమా కథ తెలుగులో చెప్పమని అమ్మాయిని అడగండి. బాగుందా బాగాలేదా అని మాత్రం ఆ పూటకు అడగకండి.